వసంతం వచ్చేదాకా

మా ఎక్‌హుల్ట్ గ్రామ వారసత్వ సంఘం ఈ ఏడాది ఒక చరిత్రాత్మక తీర్మానం చేసిందని సగర్వంగా తెలియజేస్తున్నాను. సంఘానికి చెందిన పాత పాస్టరింట్లో ఎరిత్రియా నుంచి వచ్చిన కుట్టుపనామె మెహరెత్, ఇద్దరు పిల్లలతో ఉంటోంది. ఆమెను ఉండనివ్వాలా, ఖాళీ చేయించాలా అన్నది సమస్య. స్వీడన్‌లో ఎవరినీ ఊరికే వెళ్లగొట్టరు. ముందు కాఫీ తాగుతారు. ఆనవాయితీ ప్రకారం ఏడు రకాల బిస్కట్లు పెట్టాం. అందులో మూడు రకాలు మెహరెత్ చేసినవే. అవే ముందు అయిపోయాయి.

అధ్యక్షుడు హెల్మర్ ఆల్‌రూట్ మహానుభావుడు. ఈ ఊళ్లో పుట్టడం తప్ప ఊరికి ఇంకేమీ చెయ్యలేదు గానీ, ఆ ఒక్కటీ మహా శ్రద్ధగా చేశాడు.

"ఎవరు పడితే వాళ్లొచ్చి తిష్ఠ వేస్తామంటే ఎలాగండీ? మా తాతముత్తాతలు ఈ మట్టిలోంచి మొలిచారు. కావాలంటే చర్చి పుస్తకాలు చూసుకోండి!" అని బల్ల గుద్దాడు.

చూశాం. పూర్వం మా పాస్టర్లు ఏటా ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి చదువొచ్చో, ఎవరికి వేదపాఠం అర్థమైందో పరీక్షించి ఆ చర్చి పుస్తకాల్లో మార్కులు వేసేవారు. ఊరు మారాలంటే పాస్టరు చీటీ ఉండాల్సిందే. ఇప్పటి పాస్టరమ్మ గున్వోర్ ఆ పుస్తకాలు ముందేసుకుని వెనక్కి తిప్పుతూ పోయింది. తాత ఇక్కడివాడే, ముత్తాత ఇక్కడివాడే. పేజీ పేజీకీ హెల్మర్ ఛాతీ పొంగింది. చివరికి 1771లో మూలపురుషుడు యెన్స్ దొరికాడు.

"చదవనా హెల్మరూ?" అంది గున్వోర్, కొంచెం నసుగుతూ.

"గట్టిగా చదువమ్మా, అందరికీ వినపడాలి."

"'యెన్స్. ఎక్కడివాడో తెలియదు. చీటీ లేదు. వెంట భార్య, ఇద్దరు పిల్లలు. చదవడం అంతంతమాత్రం. అర్థం చేసుకోవడం బొత్తిగా లేదు. వసంతం వచ్చేదాకా ఉండనివ్వడమైనది.'"

"ఆ తర్వాత?"

"అంతే. ఏ వసంతమో రాయలేదు."

కాఫీ పోస్తున్న మెహరెత్ నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే మీ గడువింకా తీరలేదన్నమాట, హెల్మర్ గారూ!"

హెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ నాయకుడన్నవాడు ఊరికే అవుతాడా? లేచి గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! చీటీ లేనివాణ్ని అక్కున చేర్చుకున్న ఊరు మనది! దయ మన రక్తంలోనే ఉంది! మన పెద్దలు యెన్స్‌కిచ్చిన మాటే మనం మెహరెత్‌కూ ఇద్దాం. వసంతం వచ్చేదాకా ఉండనిద్దాం!"

చప్పట్లతో గది దద్దరిల్లింది. తీర్మానం ఏకగ్రీవం. నాకు సిగ్గేసింది, అయినా చెయ్యెత్తాను.

మెహరెత్ నవ్వడం మానేసింది. "ఏ వసంతం దాకానండీ? పిల్లల బడి ఉంది కదా."

"నిజమే తల్లీ, ఆనాడు పెద్దలు చేసిన పొరపాటు అదే," అంటూ హెల్మర్ కలం తీసి, తీర్మానం పక్కన ఈ ఏడాది ఏప్రిల్ ముప్పై అని స్పష్టంగా తేదీ వేశాడు.

మా దేశంలో వసంతం వచ్చేది ఆ రోజే. ఏప్రిల్ ముప్పై సాయంత్రం ఎప్పటిలాగే ఊరంతా కలిసి పెద్ద మంట వేసి, పాటలతో వసంతానికి స్వాగతం చెబుతాం. మీరూ తప్పకుండా రండి. బిస్కట్లు మాత్రం ఈసారి నాలుగు రకాలే ఉంటాయి.