ఎండుపువ్వుల దాహం

మామగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన మనసు మరీ మెత్తన. నీళ్ళ సరఫరా శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైన ఆయన, ఎండినది ఏది కనబడినా ఊరుకోలేరు. ఒకసారి పెరట్లో ఆరబెట్టిన చీపురుకు కూడా నీళ్ళు పోశారు.

ఆ ఉదయం కోడలు పెరట్లోని గులాబీలూ బంతులూ కోసి, కట్టలు కట్టి, స్టోర్ గది కప్పుకు ఉన్న కొక్కేలకు తలకిందులుగా వేలాడదీసింది. నెలాఖరుకు ఆడపడుచు వస్తోంది. కిందటిసారి ఆవిడ, "మా వదిన చేతిలో పడితే ప్లాస్టిక్ పువ్వయినా వాడిపోవాల్సిందే" అని నలుగురిలో నవ్వి వెళ్ళింది. ఈసారి హాల్లో ఎండుపువ్వుల గుత్తి పెట్టి ఆ నోరు మూయించాలి.

నాలుగో రోజుకు పువ్వులు ఎండలేదు సరికదా, కింద నేలంతా తడి.

"ఏవండీ, కప్పు కారుతోంది!"

భర్త పైకి చూశాడు, కిందకు చూశాడు, చివరికి తండ్రి వైపు చూశాడు. "నాన్నా, నీళ్ళ సంగతి మీకు తెలియనిదా? ఏమై ఉంటుంది?"

రోజూ అందరికంటే ముందు లేచి ఆ పువ్వుల మీద నీళ్ళు చల్లుతున్న మామగారు గొంతు సవరించుకున్నారు. "పైపేరా. పగిలుంటుంది."

మేస్త్రి వచ్చాడు. కట్టలన్నీ దించి గది బయట ఓ అట్టపెట్టెలో పడేసి, కప్పు పగలగొట్టాడు. సుత్తి దెబ్బకు నిక్షేపంలాంటి పైపు పగిలి, గది చెరువైంది.

"చెప్పానా, పగిలిందని!" అన్నారు మామగారు, కాస్త నీరసంగా.

మేస్త్రి పైపు అతికించి, తెచ్చుకున్న పొడి ఇసుకను తడవకుండా ఆ అట్టపెట్టెలోనే కుమ్మరించి, "రేపొచ్చి పూత పూస్తానమ్మా" అని వెళ్ళాడు. పువ్వులు చెత్తలో కలిశాయనుకుని కోడలు రెండు రోజులు అందరి మీదా చిర్రుబుర్రులాడింది. మేస్త్రిగారి రేపు పద్దెనిమిది రోజులకు వచ్చింది. ఆడపడుచు కూడా సరిగ్గా ఆ రోజే దిగింది.

అతను పెట్టె బోర్లించగానే ఇసుక జారి, గలగలమంటూ పువ్వులు బయటపడ్డాయి. ఒక్క రేకు రాలలేదు, రంగు తగ్గలేదు.

"వదినా! ఇసుకలో పూడ్చి ఎండబెట్టావా? ఎంత బాగా వచ్చాయో!"

"మరేమనుకున్నావ్?" అంది కోడలు, కన్నార్పకుండా.

మేస్త్రి సుత్తి తీశాడు. "అది సరేనమ్మా, ఆ పైపు పగిలింది నా దెబ్బకి. అసలు కారేది ఎక్కడో ఇంకా దొరకలేదు. పక్కనున్న పెద్దాయన గది గోడ తవ్వాలి. మంచం బయట వేసుకోండి సార్."

మామగారు గోడకు అడ్డంగా నిలబడ్డారు. "వద్దయ్యా! తప్పు నాదే. ఏ పైపూ కారలేదు. పాపం పువ్వులకు దాహమేస్తోందని నేనే రోజూ నీళ్ళు చల్లాను."

ఆ రోజు ఆ ఇంట్లో వాడిపోయింది ఒక్క మేస్త్రి మొహమే.