పూత తగ్గిన టీచరు

రాజమండ్రిలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు తమ టీచర్లను మేడ మీద కుండీల్లో పెంచుతారు. ఇందులో వింతేమీ లేదు. మామూలుగా చేర్చుకున్న టీచర్లు నెల తిరక్కుండానే పక్క వీధి ఇన్‌స్టిట్యూట్‌కి జారుకుంటున్నారని డైరెక్టరు వర్మగారు ఈ ఏర్పాటు చేశారు. పాదాల చోట వేళ్ళున్న మనిషి ఎక్కడికి పోతాడు? క్లాసు వేళకి కుండీని చక్రాల బల్ల మీద పెట్టి లిఫ్టులో దించుతారు, అయ్యాక మళ్ళీ నీడలో పెడతారు. ఆదివారాలు ఇంటివాళ్ళు వచ్చి, కాసేపు కబుర్లు చెప్పి, ఎండుటాకులు తుంచి వెళతారు.

ఈ పెంపకమంతా కోఆర్డినేటరు విజయభారతి చూసుకుంటుంది. ఎం.ఏ. ఇంగ్లీషు చదివింది, కడియం నర్సరీల్లో పుట్టి పెరిగింది. ఆ ఉద్యోగానికి రెండూ ఉండాలని ప్రకటనలోనే వేశారు. నీళ్ళు పోయడం, చీడ చూడడం, క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పూత గమనించడం ఆమె పని. టీచరు ఇంగ్లీషు గడగడా మాట్లాడేకొద్దీ భుజాల మీద పూలు విచ్చుకుంటాయి. ఉచిత డెమో క్లాసుకొచ్చినవాళ్ళు ఆ పూలు చూసే చేరతారు. కుండీలు చిన్నవి పెట్టేది కూడా అందుకే. వేళ్ళకి చోటు చాలకపోతే మొక్క ప్రాణభయంతో విరగబూస్తుంది. ఈ కిటుకు నర్సరీవాళ్ళకి తెలుసు, మేనేజిమెంటు చదివినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

అందరిలోకీ ఎస్తేరు టీచరు బాగా పూసేది. ఒక పొద్దున విజయభారతి నీళ్ళు పోస్తుంటే మెల్లగా అడిగింది.

"మేడం గారూ, కిందంతా చుట్టుకుపోయిందండి. ఊపిరాడట్లేదు. కొంచెం పెద్ద కుండీ ఇప్పిస్తారా?"

విజయభారతి కుండీ వంచి చూసింది. మట్టి కనపడనంతగా వేళ్ళు మెలికలు తిరిగిపోయి ఉన్నాయి. కుండీ మార్చాలంటే డైరెక్టరు సంతకం కావాలి, ఆయన పెట్టరు. అందుకని అడక్కుండానే సిమెంటు తొట్టిలోకి మార్చేసింది. చోటు మారిన మొక్క కొన్నాళ్ళు పూయదు, ముందు వేళ్ళు చూసుకుంటుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆ కొన్నాళ్ళూ వర్మగారు ఓపిక పడతారనుకుంది చూడండి, అదీ ఆమె చేసిన పొరపాటు.

ఎస్తేరు క్లాసులో మాట తగ్గించింది. ఒక ప్రశ్న అడిగి ఊరుకునేది. ఆ నిశ్శబ్దం భరించలేక విద్యార్థులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవారు. చూసి చూసి, చీరల కొట్లో పనిచేసే నూకరత్నం లేచింది. ఏ చీర రంగు పోతుందో, ఏది పోదో తప్పుల తడకగా ఇంగ్లీషులో చెప్పేసింది. చెమట తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. వెనకాల ఇంకో ఇద్దరు అందుకున్నారు. విజయభారతికి కళ్ళు చెమర్చాయి. తన ఉద్యోగంలో ఒక విద్యార్థి ఇంగ్లీషు మాట్లాడగా వినడం అదే మొదలు.

అప్పుడే వర్మగారు తొంగిచూశారు.

"పువ్వొక్కటీ లేదేంటమ్మా?"

"వేళ్ళు పట్టనివ్వండి సార్. వాళ్ళే మాట్లాడుతున్నారు, వినండి."

"వాళ్ళు మాట్లాడ్డానికి మన దగ్గరికి రావడం దేనికి? ఇంట్లో మాట్లాడుకోలేరా? డెమోకొచ్చినవాళ్ళందరూ పక్క వీధికి పోతున్నారు. సాయంత్రానికి పాత కుండీలోకి మార్చెయ్యండి. కుదరదంటే పీకేసి, వేరేది తెప్పిద్దాం."

పాత కుండీలో పట్టాలంటే కొత్త వేళ్ళు కత్తిరించాలి. ఇంకొకళ్ళయితే మోటుగా కోస్తారని విజయభారతి తనే కత్తెర పట్టుకుంది.

"నొప్పెడితే చెప్పమ్మా."

"మీ చేత్తో అయితే పర్లేదండి," అంది ఎస్తేరు. "నూకరత్నం గారు రేపు కూడా మాట్లాడతానన్నారండి."

విజయభారతి మిగిలిన వేళ్ళు కూడా జాగ్రత్తగా కత్తిరించింది.

మర్నాడు ఎస్తేరు భుజాల నిండా పూసింది, ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. నూకరత్నం రెండుసార్లు చెయ్యెత్తింది, సందు దొరక్క దించేసుకుంది. చివర్లో అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఇంటికెళ్ళి భర్తతో చెప్పుకుని మురిసిపోయింది.

"మా టీచరమ్మ ఎంత బాగా మాట్టాడుద్దో తెలుసా? నాకసలు నోరు తెరిచే పనే లేదు."