ప్రత్యక్ష ప్రసారంలో తోలు ప్యాంటు

ఆ రోజు అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదింటికల్లా టీవీ స్టూడియో చేరాలి. సింహానికి గిటారు శ్రుతి చేసి ఇవ్వాలి. పదింటికి సింహం కెమెరా ముందు కూర్చుని తీగలన్న తమ్ముడి పేరు చెప్పాలి. పన్నెండులోపు ఇంటికెళ్లి అమ్మకు మందులు వేయాలి. ఇందులో తప్పు జరగడానికి ఏముందని తీగలన్న అనుకున్నాడు.

సింహం అన్నది జనం పెట్టిన పేరు. నలభై ఏళ్లుగా రాక్ పాటలు అరిచి అరిచి గొంతు అరగదీసుకున్న మనిషి. పదిహేనేళ్లుగా ఏ టీవీకీ ముఖం చూపించలేదు. ఆయన గిటార్లకు తీగలు మార్చే మనిషి కాబట్టి ఇతన్ని అందరూ తీగలన్న అంటారు. తీగలన్న తమ్ముడు ఆ బృందంలోనే డ్రమ్ములు వాయించేవాడు. ముప్పై ఒక్కేళ్ల కిందట కచేరీ నుంచి తిరిగొస్తుంటే వ్యాను బోల్తా పడి పోయాడు. అదే వ్యానులో ఉన్న సింహానికి చిటికెనవేలు విరిగింది, అంతే. ఆ తర్వాత సింహం ఎక్కడా, ఎవరి దగ్గరా వాడి పేరెత్తలేదు.

అమ్మకు ఎనభై మూడేళ్లు. "వాడి నోట నా కొడుకు పేరు ఒక్కసారి విని పోతే చాలురా," అంటుంది. ఇంటర్వ్యూ సంగతి తెలిసిన నాటినుంచీ తీగలన్న సింహాన్ని పీక్కు తిన్నాడు. "చెప్తాన్రా బాబూ, చెప్తాను," అని మూడు వారాల తర్వాత మాట వచ్చింది. అమ్మ పొద్దున ఆరింటికే టీవీ ముందు కుర్చీ వేసుకుంది.

మేకప్ గదిలో అడుగుపెట్టేసరికి సింహం లుంగీతో నిలబడి ఉన్నాడు. చేతిలో నల్లటి తోలు ప్యాంటు.

"ఏంటది?" అన్నాడు తీగలన్న.

"ప్యాంటు."

"అది నాకూ కనపడుతోంది. ఎవరికి?"

"నాకే. లాగు."

అప్పట్లో బృందంలో నలుగురికీ ఒకే దర్జీ ఒకే రోజు కుట్టిన ప్యాంట్లవి. అందులో సింహం తొడ ఒకటి పట్టడమే కష్టం. "అరవై ఆరేళ్లొచ్చాయి. మామూలు ప్యాంటు వేసుకుంటే ఎవరైనా కేసు పెడతారా?" అంటే సింహం పళ్లు బిగించి, "ఇదే వేసుకుంటాను. వాదించకు," అన్నాడు. జుట్టు పోయింది, గొంతు పోయింది, ఈ సోకు మాత్రం కాటికి పోయేదాకా పోదు అని తీగలన్న లోపల తిట్టుకున్నాడు.

మోకాళ్ల దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగింది. మేకప్ ఆవిడ పౌడరు డబ్బా తెచ్చి తొడలకు చల్లింది. చాలకపోతే క్రీము రాసింది. రెండూ కలిసి చపాతీ పిండిలా ముద్దకట్టాయి. చివరికి సింహాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఆవిడొక కాలు, తీగలన్నొక కాలు పట్టుకుని లాగారు.

"ఊపిరి బిగబట్టు!"

"బిగబట్టాను!"

"పొట్ట అలాగే ఉందిగా!"

"బిగబట్టాకే అంత!"

ప్యాంటు నడుం దాకా ఎక్కింది. జిప్పు మాత్రం తీగలన్న చేతిలోకి వచ్చేసింది. టైము తొమ్మిదీ నలభై. తీగలన్న తన పెట్టె తెరిచి బేస్ గిటారుకు వేసే లావు తీగ తీశాడు. దాన్ని బెల్టు పట్టీల్లోంచి అటూ ఇటూ అల్లి, పటకారుతో మెలితిప్పి, వేలితో మీటితే మోగేదాకా బిగించాడు. ఇరవై ఏడేళ్ల పనితనం. సింహం కళ్లు పెద్దవయ్యాయి.

నడిచి స్టూడియోలోకి వెళ్లడమైతే వెళ్లాడు, రెండు దుంగల మీద నడిచినట్టు. అక్కడ లోతైన మెత్తటి సోఫా వేసి ఉంది. సింహం దాన్ని చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"నేను కూర్చోను."

కార్యక్రమం నడిపే పెద్దమనిషికి చెమటలు పట్టాయి. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన మనిషి, అలిగి వెళ్లిపోతే తన ఉద్యోగం ఊడుతుంది. ప్రశ్నలు నచ్చలేదేమోనని కాగితం తీసి విడాకుల ప్రశ్న కొట్టేశాడు. సింహం కూర్చోలేదు. ఆడకుండా మూలపడ్డ ఆల్బం ప్రశ్న కొట్టేశాడు. కూర్చోలేదు. మందు మానేసిన సంగతీ కొట్టేశాడు. సింహం ఇంకా నిలబడే ఉన్నాడు, పైగా ముఖం ఎర్రబడుతోంది.

"ఆ చచ్చిపోయిన డ్రమ్మరు ప్రశ్న తీసేయండి," అన్నాడు పెద్దమనిషి. "దానికే ఇదంతా."

తీగలన్న పరుగెత్తుకెళ్లి యాంకరమ్మాయిని పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ ప్రశ్న తీసేయకండి. మీకు పుణ్యముంటుంది."

"ఆయన కోపంగా ఉన్నారటగా అంకుల్?"

"కోపం కాదమ్మా, ప్యాంటు."

"ఏంటీ?"

"కూర్చుంటే పిగులుతుంది."

ఆ అమ్మాయి సింహం వైపు చూసింది, కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి. కాస్త తేరుకుని, "ఆ ప్రశ్నంటే మీకెందుకంత పట్టుదల?" అంది.

"ఆ డ్రమ్మరు నా తమ్ముడు."

భుజాలు ఆగిపోయాయి. "అడుగుతాను," అంది.

క్యాంటీన్ నుంచి ఎత్తయిన స్టూలొకటి తెచ్చారు. సింహం దాని అంచుకు ఆనుకున్నాడు, కూర్చున్నాడనీ చెప్పలేం, నిలబడ్డాడనీ చెప్పలేం. ప్రసారం మొదలైంది. కొట్టేయగా మిగిలినవి ఏం తింటారు, ఎన్నింటికి లేస్తారు లాంటి ప్రశ్నలు. ఊపిరి అందక సింహం అన్నింటికీ ఒక్కో ముక్క చెప్పాడు. "అవును." "లేదు." "ఆరింటికి." అద్దం వెనక పెద్దమనిషి పొంగిపోయాడు. "ఎంత గాంభీర్యం! చూడండయ్యా, మాట పొదుపు అంటే అదీ!"

అప్పుడు యాంకరమ్మాయి కాగితం పక్కన పెట్టింది. "మీతో మొదటినుంచీ వాయించిన మిత్రుడు, ఆ ప్రమాదంలో పోయిన మిత్రుడి గురించి ఒక్క మాట చెప్తారా?"

సింహం నోరు తెరిచాడు. "వాడు..." అన్నాడు. ఆగాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లలో నీళ్లు తిరిగి చెంపల మీదికి జారాయి. కుడిచేత్తో మోకాలు గట్టిగా అదిమిపట్టాడు, మళ్లీ వదిలాడు, మళ్లీ పట్టాడు. అర నిమిషం అలాగే గడిచింది. యాంకరమ్మాయి కళ్లు తుడుచుకుంది. లైట్లతను ముక్కు చీదాడు. అంత పెద్ద గదిలో ఏడవనివాడు తీగలన్న ఒక్కడే. మోకాలి దగ్గర కుట్టు విడిపోయి ఉంటుంది, దాన్ని దాచుకుంటున్నాడు అనుకున్నాడు. చెప్పాల్సింది రెండక్షరాల పేరు. ఆ రెండక్షరాలకు సరిపడా గాలి కూడా ఆ ప్యాంటు లోపలికి రానివ్వలేదు.

అక్కడితో ప్రకటనలు వేసేశారు.

మేకప్ గదిలో బల్ల మీద పడుకోబెట్టేసరికి సింహం పెదాలు నల్లబడ్డాయి. తీగలన్న కత్తెర తీశాడు. సింహం అతని మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"వ... ద్దు."

"ఇంకా సోకేనా? నా తమ్ముడి పేరుకు లేని ఊపిరి దీనికి ఎక్కణ్ణుంచొచ్చింది?"

పటకారుతో తీగ తెంపి, నడుం నుంచి చీలమండ దాకా ఒక కాలు, మళ్లీ రెండో కాలు కత్తిరించాడు. అవసరమైనదానికంటే ఐదారు కోతలు ఎక్కువే పడ్డాయి. ఒక్కో కోతకూ ముప్పై ఒక్కేళ్ల కసి కాస్త కాస్త చల్లారింది. సింహం గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. డాక్టరొచ్చి, ఆయన్ని దుప్పటి చుట్టి కారెక్కించుకుపోయాడు. పౌడరూ క్రీమూ పట్టిన తోలు ముక్కల్ని తీగలన్న చెత్తబుట్టలో కుక్కి చేతులు కడుక్కున్నాడు.

ఫోను మోగింది. అమ్మ.

"చూశావుగా అమ్మా. పేరు చెప్పలేదు. నేనేం చేయను, నా చేతనైందంతా..."

"పేరు పోనీరా. వాడి ప్యాంటు వేసుకొచ్చాడుగా."

"ఎవడి ప్యాంటు?"

"నీ తమ్ముడిదిరా! స్టేజీ మీంచి దూకి మోకాలు చింపుకొచ్చాడు ఓసారి. నా పాత సంచీ తోలుతో అతుకేశాను. నల్లదారం లేక ఎర్రదారంతో కుడితే నన్ను తిట్టాడు కూడా. మోకాలి మీంచి చెయ్యి తీయగానే ఆ అతుకు టీవీలో కనపడింది. ఆ రోజు వాడి బట్టలన్నీ పోయాయన్నారు కదరా. ఇన్నేళ్లు దాచుకున్నాడు పిచ్చోడు."

తీగలన్న అప్పుడే కడుక్కున్న తన చేతుల్ని చూసుకున్నాడు.

"నేను ఊరికే తిట్టానురా వాణ్ణి ఇన్నాళ్లూ," అంది అమ్మ. గొంతు తేలిగ్గా ఉంది, ముప్పై ఏళ్లుగా అతను వినని గొంతు. "నా మాటగా అడిగి ఆ ప్యాంటు ఒక్కసారి తీసుకురా. చేత్తో ముట్టుకుని మళ్లీ పంపించేద్దాం. ఇస్తాడంటావా?"

"ఇస్తాడమ్మా," అన్నాడు.

గదిలోకి పరిగెత్తేసరికి చెత్తబుట్ట ఖాళీ. స్టూడియో వెనక మనిషెత్తు ఇనప తొట్టెలో అప్పటికే ఐదు బుట్టల చెత్త పడి ఉంది. తీగలన్న అందులోకి దిగాడు. టీ కప్పులు, తడి కాగితాలు, ఎవరివో పాచిపోయిన భోజనాలు. నడుం దాకా కూరుకుపోయి తవ్వాడు. మోకాలి ముక్క దొరికింది. ఆ అతుకు మీదుగా తన కత్తెర రెండుసార్లు నడిచింది. మిగిలిన ముక్క కోసం మళ్లీ వంగాడు.

"ఏం పోయింది సార్?" అన్నాడు కాపలా మనిషి తొట్టె అంచు మీంచి తొంగిచూసి.

"ప్యాంటు."

కాపలా మనిషి అతని కాళ్లవైపు చూశాడు. "వేసుకునే ఉన్నారుగా."

తీగలన్న ఆ చెత్తలోనే కూర్చుని, ముక్కను మోకాలి మీద పరిచి, చాలాసేపు దాన్నే సవరిస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పేపర్లో సింహం ఫొటో కింద, యవ్వనంలోని ప్యాంటు నేటికీ పట్టే ఆ శరీరం వెనక రహస్యం క్రమశిక్షణే అని రాశారు.