అసలు ధర కట్టిన మనిషి

మా బడిలో తగ్గింపు ధరల పాఠం మొదలైన రోజునే నా భార్య ఫువాటినో చనిపోయింది. బోర్డు మీద లెక్క రాసి పిల్లల వైపు తిరిగేసరికి గుమ్మంలో మా మరదలు లుసియా నిలబడి ఉంది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి బయలుదేరాను.

బోర్డు మీద ఉన్న లెక్క ఇది: నలభై శాతం తగ్గింపు పోగా చేపడబ్బాల పెట్టె అరవై టాలాలకు వచ్చింది. అయితే దాని అసలు ధర ఎంత?

మా సవాయి దీవిలో ఇది పిల్లల లెక్క కాదు. చావు జరిగిన ఇంటికి బంధువులు పెట్టెలతో వస్తారు. ఎవరు ఏం తెచ్చారో ఊరి వక్త లేచి అందరికీ వినపడేలా ప్రకటిస్తాడు. వాళ్లు వెళ్లేటప్పుడు ఆ ఇంటివాళ్లు తిరుగు మర్యాద చేస్తారు. పూర్వం చాపలు ఇచ్చేవారు, ఇప్పుడు కవరులో డబ్బు పెట్టి ఇస్తున్నారు. ఇది తాతల నాటి పద్ధతి, ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. ఈ మధ్య గ్రామసభ దీనికి చిన్న మెరుగు దిద్దింది. తెచ్చిన పెట్టెను కొన్న ధరతో కాక అసలు ధరతో ప్రకటించాలి, తిరుగు మర్యాద కూడా ప్రకటించినంతే ఉండాలి. ప్రేమకు తగ్గింపు వర్తించదని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

అసలు ధర రేవు దగ్గర టవిటా దుకాణంలో నివసిస్తుంది. టవిటా పొద్దున్నే చీటీ మీద వంద రాసి, దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, కింద అరవై రాస్తాడు. దుకాణం తెరిచిన నాటి నుంచి వంద ఇచ్చి పెట్టె కొన్నవాడు లేడు. అయినా నలభై మిగిలిందన్న తృప్తి ప్రతి ఇంట్లోనూ ఉంది. మిగిలిన ఆ నలభైలు ఎక్కడున్నాయని ఎవరూ అడగరు. మీరూ అడగరు. కొట్టేసిన అంకెను చూసి మనసు తేలికపడని మనిషి మీలో ఎవరైనా ఉంటే వారికి నా నమస్కారం.

చిక్కల్లా చీటీలతోనే. పడవలో తడిసి అవి ఊడిపోతాయి. కొన్న ధర, తగ్గింపు శాతం మాత్రమే గుర్తుంటాయి. అప్పుడు లెక్క కట్టాలి. కిందటి చావులో మా బడి కుర్రాడొకడు కట్టాడు. మర్నాడే ఊరి వక్త ఫోనోతి పెద్దాయన చేతికర్ర టకటకలాడించుకుంటూ తరగతిలోకి వచ్చాడు.

“ఏం మాస్టారూ, మీరు నేర్పేది ఇదేనా? అరవైలో నలభై శాతం ఇరవై నాలుగట, కలిపితే ఎనభై నాలుగట! వంద టాలాల పెట్టె తెచ్చిన మా అన్నని ఊరందరి ముందూ ఎనభై నాలుగుకి దింపేశాడండీ మీవాడు!”

“తగ్గించింది వందలోంచి పెద్దాయనా, అరవైలోంచి కాదు. పిల్లలు అక్కడే పొరపడుతున్నారు.”

“పొరపడితే పరువెవరిది పోతోంది? మీదా?”

ఆ సాయంత్రమే సభ తీర్మానించింది. ఊరి గౌరవం దృష్ట్యా ఈ పాఠం పూర్తయ్యేదాకా మిగతా పాఠాలన్నీ వాయిదా వేయాలి. వాన ఎలా కురుస్తుందో పిల్లలు వచ్చే ఏడు తెలుసుకుంటారు.

నేను ఇంటికి వెళ్లాక ఆ లెక్క మలియా పూర్తి చేసింది. ముందు బల్ల మీద కూర్చునే పిల్ల. మా ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, నా దగ్గరగా కూర్చుంది.

“సార్, వచ్చేసింది. అరవై టాలాలంటే అరవై శాతమే కదా. కాబట్టి అసలు ధర వంద.”

“సరిగ్గా చేశావమ్మా.”

“కానీ సార్, ఆ వందకి ఎవరు కొంటారు?”

“లెక్కలో కొంటారు,” అన్నాను.

బంధువులు పెట్టెలతో వచ్చాక ఫోనోతి పెద్దాయన ఆ పిల్లను పక్కన నిలబెట్టుకుని ప్రసంగించాడు. “ఓ దుఃఖించే ఇల్లా! సముద్రమే చిన్నబోయే ప్రేమను నీ గుమ్మంలో దించుతున్నాం. కొన్న ధర అడగొద్దు, అది దుకాణం మాట. అసలు ధర విను, అది గుండె మాట!” తరువాత ఒక్కో పెట్టె అసలు ధర మలియా ఆయన చెవిలో చెప్పింది, ఆయన ప్రకటించాడు. ఒక్కసారి కూడా ఎనభై నాలుగు వినపడలేదు. ఒక బోధన ఇంత త్వరగా ఫలించడం మా జిల్లాలో అరుదు.

లుసియా నా వెనక చేరింది. “బావా, ఆ పిల్లని కాస్త తప్పు చెప్పమనకూడదూ?”

“తప్పు చెప్పడం నేను నేర్పలేదు.”

“అదైనా నేర్పాల్సింది. అక్క తన సమాధి రాయికని దాచుకున్న డబ్బు ఊడ్చుకుపోతోంది. తెలుస్తోందా నీకు?”

తెలుస్తూనే ఉంది. ఫువాటినో మంచం మీద ఉండగానే రాయి ఎంచుకుంది. పువ్వులొద్దు, దేవదూతలొద్దు, పేరు ఒక్కటి చాలంది. దానికోసం కొంచెం కొంచెంగా కూడబెట్టింది తనే.

వచ్చిన పెట్టెలు అక్కడే విప్పి, వండి, తెచ్చినవాళ్లకే వడ్డించాం. ఆ తరువాత ప్రకటించిన ప్రకారం కవరులు ఇచ్చాను. అరవైతో వచ్చినవాళ్లు కడుపునిండా తిని వందతో వెళ్లారు. ఊరంతా ఇన్నాళ్లూ మిగుల్చుకున్న నలభైలు ఎవరి దగ్గరున్నాయో నాకు అప్పుడు తెలిసింది. చివరి కవరు టవిటాది. అతను నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

“మాస్టారూ, నేను రోజూ రాసి కొట్టేసే ధర కట్టిన మనిషిని ఇన్నాళ్లకి చూశాను.”

గ్రామసభ బడికి అభినందన పత్రం పంపింది. దాన్ని బోర్డు పక్కన తగిలించాం. నేను తిరిగి వెళ్లిన రోజు మలియా చెయ్యెత్తింది.

“సార్, ఇప్పుడు దొరికాడు కదా, వందకి కొన్నవాడు?”

“నోర్ముయ్యవే,” అంది వెనకబల్ల. నేను, లెక్క ప్రకారం ఆ ప్రశ్న సరైనదేనని చెప్పి, తరువాతి పాఠం తీశాను.

రాళ్లు చెక్కే అతను కూడా దుకాణం ముందు చీటీ కట్టాడు. సగం తగ్గింపు. అసలు ధర ఎంతని నేను అడగలేదు. ఆ సగం కూడా నా దగ్గర లేదు.

ఇంటి ముందే పూడ్చిన ఫువాటినో మీద నల్లటి గులకరాళ్లు పరిచి ఉన్నాయి. పేరున్న రాయి ఇంకా వేయలేదు.