మంత్రిగారు వచ్చేదాకా పొట్లం విప్పరాదు

"సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఈ తీరాన ఒక్క కడుపు కూడా మాడదు. మా విద్యార్థుల ఫుడ్ బ్యాంకు ఉంది!" అని కావలిలో ఒక కాలేజీ ప్రకటించింది. ఆ ప్రకటన రాసింది కామర్స్ లెక్చరర్ సంజీవరావు. చదివి కళ్లు తుడుచుకున్న మొదటి పాఠకుడూ ఆయనే.

పన్నెండేళ్లుగా ఆయన కాలేజీకి సేవాధికారి. ఏ ఫోటోలో చూసినా పూలకుండీ వెనక సగం చెవి కనిపిస్తుంది, అది ఆయనదే. ఈసారి మంత్రిగారే వచ్చి ఉత్తమ సేవాధికారి పురస్కారం ఇస్తారన్నారు. సంజీవరావు కొత్త చొక్కా కుట్టించాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ చాచి వంగడం ప్రాక్టీసు చేశాడు. సిగ్గేసింది. అయినా ఇంకోసారి వంగి చూసుకున్నాడు.

శనివారం పదింటికల్లా నలభై మంది విద్యార్థులతో, నూట యాభై సాంబారన్నం పొట్లాలతో పట్టపుపాలెం చేరాడు. జాలర్లు క్యూ కట్టారు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది: మంత్రిగారు వచ్చేదాకా ఒక్క పొట్లం విప్పరాదు.

మంత్రిగారు పదకొండింటికి నెల్లూరు దాటారు. పన్నెండింటికి మళ్లీ నెల్లూరే దాటారు. ఒంటిగంటకు బిట్రగుంటలో ఎవరిదో సెల్‌ఫోన్ షాపుకి రిబ్బను కత్తిరిస్తున్నారు.

క్యూలో వాళ్లు చూసి చూసి ఇళ్లకు పోయి వండుకున్నారు. మాడింది ఫుడ్ బ్యాంకే. సెకండియర్ గంగాభవాని కళ్లు తిరిగి ఇసుకలో కూలబడింది.

"సార్, ఒక్క పొట్లం విప్పుదామా?" అన్నాడు వినోద్ అనే విద్యార్థి.

"తప్పురా! అది పేదల సొత్తు" అన్నాడు సంజీవరావు. ఆయన కడుపు కూడా ఏదో అంది, ఆయన వినిపించుకోలేదు.

వల కుట్టుకుంటున్న పేరమ్మ ఇది చూసి లేచొచ్చింది. "ఏంది సార్, మిట్టమధ్యాన్నం మా గడప ముందర బిడ్డల్ని మాడబెడతుండావు? పాలేనికొచ్చినోళ్లు తినకుండా పోతే మాకు పరువా?"

"అమ్మా, మేం మీకు పెట్టడానికొచ్చాం..."

"పెడుదువులే. ముందు తిను."

అన్నం వేళకు గడప దగ్గర మనిషుంటే పెట్టకుండా తినే అలవాటు పాలెంలో లేదు. ఇంటింటి నుంచీ గిన్నెలొచ్చాయి. సేవాదళం మొత్తం తాటాకు పందిరి కింద బంతిగా కూర్చుంది. ఎండు నెత్తళ్ల పులుసు నాలుకకు తగలగానే సంజీవరావు పురస్కారం సంగతే మర్చిపోయాడు. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. మూడోసారి అడగబోతుంటే హారన్లు మోగాయి.

మంత్రిగారు దిగారు, ఆయన వెనకే ప్రిన్సిపాలూ. వరసగా కూర్చుని ఆబగా తింటున్న జనాన్నీ, గరిటె పట్టుకున్న పేరమ్మనూ చూసి ఆయన గుండె కరిగింది. కెమెరా ఉన్న చోట అది కరగని రోజు లేదు.

"ఎన్నాళ్లయిందో పాపం వీళ్లు తిని!" అంటూ పేరమ్మకు శాలువా కప్పి, పురస్కారం చేతిలో పెట్టారు.

"ఇదెందుకయ్యా నాకు?"

"నీ సేవకు తల్లీ!"

ప్రిన్సిపాల్ నోరు తెరిచాడు. మంత్రిగారి మొహం చూసి మూసుకున్నాడు. సంజీవరావు ఎంగిలి చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చాడు. "సార్, నేను... నాకు..."

"మొహమాటపడకు నాయనా, నీకూ ఉంది" అని మంత్రిగారు ఆయనకో పొట్లం ఇచ్చారు. అప్పటికే పులిసిన వాసన కొడుతోంది. సంజీవరావు చేతులు రెండూ వాటంతటవే చాచుకున్నాయి, నడుము దానంతటదే వంగింది. కెమెరాలు క్లిక్కుమన్నాయి.

మర్నాడు పేపర్లో నాలుగు కాలాల ఫోటో వచ్చింది: "మంత్రి చేతి అన్నంతో కళ్లు చెమర్చిన జాలరి." పూలకుండీ ఎక్కడా లేదు.

ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. "సంజీవరావు గారూ, మంత్రిగారు పొరబడ్డారని ఎవరూ అనకూడదు గదా. మీ పేరు లబ్ధిదారుల లిస్టులో ఎక్కించేశాం. నిషేధం ఎత్తేసేదాకా ప్రతి శనివారం వచ్చి పొట్లం తీసుకోవాలి. పేపరోళ్లు గూడా వస్తారు."

ఆత్మాభిమానం గల మనిషి కాబట్టి సంజీవరావు ఒక షరతు పెట్టాడు.

"క్యూలో నన్ను మొదట నిలబెడతారు గదా సార్?" అన్నాడు.