మూడు రాళ్ళ సరిహద్దు

ఆ శనివారం ఉదయం ఎషెన్‌రోడె మేయరు కొన్‌రాడ్ బ్రింకె కాఫీ తాగుతూ, ఆనాటి కార్యక్రమమంతా భార్యకు మరోసారి అప్పజెప్పాడు. ముందు చర్చి దగ్గర బ్యాండు మేళం. తర్వాత ఊరంతా కలిసి సరిహద్దు నడక. బీచ్ అనే పెద్ద అడవిచెట్ల దగ్గర, మా ఊరి పొలాలూ పక్క ఊరు డాల్‌బెక్ పొలాలూ కలిసే చోట, పాత సరిహద్దు రాయి మీద కొత్తవాళ్ళను కుదేయడం. ఆపైన ఉపన్యాసం, బఠాణీ సూపు, సాసేజీలు, బీరు.

"ఉపన్యాసం సూపుకి ముందా, తర్వాతా?" అంది వాల్‌బుర్గ, పొయ్యి మీది పెద్ద డేగిసాలో గరిటె తిప్పుతూ.

"ముందే."

"అయితే తొందరగా ముగించు. కిందటిసారి నువ్వు మాట్లాడుతుండగా సాసేజీలు చల్లారిపోయి, మళ్ళీ కాచి, మళ్ళీ చల్లారిపోయాయి."

బ్రింకె నవ్వలేదు. అతనికి మూడు రోజులుగా నిద్ర లేదు. చిన్న ఊళ్ళన్నిటినీ పట్టుకుని పెద్ద ఊళ్ళలో కలిపేస్తున్న కాలమది. మాకంటూ ఒక మేయరు, ఒక మండలి, ఒక అగ్నిమాపక బండి, గాలి ఎటు వీస్తే అటు తిరిగే, తోకకు రంగు వెలిసిన రేకు కోడిపుంజును మోస్తున్న ఒక చర్చి శిఖరం తాతల నాటి నుంచీ ఉన్నాయి. ఇప్పుడు జిల్లా కేంద్రం నుంచి డాక్టర్ లోజె అనే అధికారి మా ఊరి పరిపాలన ఎలా ఉందో చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే మా ఊరు మాకే ఉంటుందని, నచ్చకపోతే డాల్‌బెక్‌లో కలిపేస్తారని అందరూ అనుకుంటున్నారు. డాల్‌బెక్‌లో! మే నెల పండగకు మేం నిలబెట్టిన స్తంభాన్ని రెండుసార్లు ఎత్తుకుపోయి, విడిపించుకోవడానికి పీపా బీరు పోయించుకున్న డాల్‌బెక్‌లో! ఆ మాట తలుచుకుంటేనే మా ముసలివాళ్ళకు ఆయాసం వచ్చేది.

అందుకే బ్రింకె చాలా ఏళ్ళుగా ఆగిపోయిన సరిహద్దు నడకను మళ్ళీ మొదలుపెట్టాడు. ఊరి పిల్లవాణ్ణయినా, కొత్తగా వచ్చిన మనిషినయినా కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి, సరిహద్దు రాయి మీద మూడుసార్లు కుదేస్తాం. రాయి ఎక్కడుందో జన్మలో మరిచిపోకూడదని. కాగితాలు తగలబడిపోయినా, ఎలకలు కొట్టేసినా, ఊరి హద్దు ఊరివాళ్ళ పిరుదుల్లో పదిలంగా ఉంటుందని మా పెద్దల ఆలోచన. ఆ గౌరవం ఈసారి డాక్టర్ లోజెకు దక్కాలని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయనకు మాత్రం "చిన్న సన్మానం" అని చెప్పారు.

రాయికి పట్టిన నాచు కాస్త తోమి వద్దామని బ్రింకె జేబులో ఇనుప బ్రష్షు పెట్టుకుని సైకిలెక్కాడు. బీచ్ చెట్లు ఉన్నాయి. కంచె ఉంది. రాయి ఉండాల్సిన చోట గుంట ఉంది, గుంటలో ఎండుటాకులున్నాయి. రాయి లేదు.

అతను ఆకులు తోశాడు. కంచె వెంట అటూ ఇటూ వెతికాడు. చివరికి గుంట పక్కన చతికిలబడ్డాడు. ఊరి హద్దే పోగొట్టుకున్న మేయరుకు ఊరెవరు మిగులుస్తారు? ఏడుపు వచ్చింది గానీ, సరిగ్గా అప్పుడే అగ్నిమాపక దళం నాయకుడు రామ్మెస్ బెంచీల బండి తోలుకుంటూ అటు వచ్చాడు.

"ఏమైందయ్యా, మొహం అలా పెట్టావు?"

"రాయి లేదు."

"ఏ రాయి?"

"ఏ రాయేమిటి! సరిహద్దు రాయి! ఒట్టు, ఎవరికీ చెప్పకు. నేనేదో ఒకటి చూస్తాను. నువ్వు మాత్రం మా ఇంటికెళ్ళి సూపు చూసుకో. వాల్‌బుర్గతో నాకు పని పడొచ్చు."

"సూపుదేముంది, నేను చూసుకుంటాగా," అన్నాడు రామ్మెస్. అన్నాడే గానీ అతని మనసు సూపు మీద లేదు. బ్రింకె చూసుకుంటానన్న పనులు ఎలా చూసుకుంటాడో అతనికి బాగా తెలుసు.

బ్రింకె నేరుగా మేనత్త ఒట్టీలియె ఇంటికి పోయాడు. ఆమె నేలమాళిగలో చిన్న పిల్లాడు మునిగేటంత జాడీలో క్యాబేజీ పులుస్తూ ఉంటుంది. దాని మీద పలక, పలక మీద బరువుకు ఒక రాయి. ఎత్తూ లావూ సరిపోయే రాయి ఊళ్ళో అదొక్కటేనని అతనికి గుర్తొచ్చింది.

"అత్తా, నీ రాయి ఒక్క పూట అరువిస్తావా?"

"ఏం, నీ నెత్తిన పెట్టుకుంటావా?"

"ఊరి కోసం అత్తా!"

"ఊరికి క్యాబేజీ అక్కర్లేదా? బరువు తీస్తే పలక పైకి తేలుతుందిరా. గాలి తగిలిందంటే జాడీ జాడీ కుళ్ళిపోతుంది. చలికాలమంతా ఏం తింటావు, నీ ఉపన్యాసాలా?" అని, కాసేపు ఆలోచించి, "రాయి తీసుకెళ్ళు. బదులు మనిషినివ్వు," అంది.

అలా మా మేయరు భార్య ఆదివారం వేసుకునే గౌను మీద గోనె కట్టుకుని, నేలమాళిగలో జాడీ మీదకు వంగి, మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో ముంచి పలక నొక్కి పట్టుకుంది. "కొన్‌రాడ్, ఇరవై ఏళ్ళ కాపురంలో నన్నెక్కడెక్కడో నిలబెట్టావు. ఇది మాత్రం మరిచిపోను," అని వెనక నుంచి అరిచింది. బ్రింకె వినిపించుకోలేదు. తెల్లటి జిగురూ క్యాబేజీ తునకలూ అంటుకుని ఉన్న రాయిని ఒంటిచక్రం బండిలో పెట్టి, దొడ్డిదారిన తోసుకుపోయి, గుంటలో పాతేసి, పైన ఆకులు చల్లాడు. జేబులోని బ్రష్షు సంగతి గుర్తే లేదు. వేళ మించిపోతోంది.

చర్చి ముందు డాక్టర్ లోజె అప్పటికే వచ్చి ఉన్నాడు. సన్నటి మనిషి. కొత్త సూటు. పక్కనే డాల్‌బెక్ మేయరు గెర్లాఖ్ టేవెస్, బొద్దుగా, చిరునవ్వుతో. బడిలో బ్రింకె, టేవెస్ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళే. అప్పటి నుంచీ ఒకరి మొహం ఒకరికి పడదు.

"రండి సార్, మా ఊళ్ళో అన్నీ ఒక పద్ధతి ప్రకారం..." అని బ్రింకె మొదలుపెట్టాడో లేదో, సైరను కూసింది.

మేయరు ఇంటి వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ! అగ్నిమాపక దళం బండి దగ్గరికి పరుగెత్తింది. బండి తాళం నాయకుడి దగ్గరుంది. నాయకుడు లేడు. ఆఖరికి బ్యాండు మేళంలో డోలు వాయించేవాడు పక్కింటి బకెట్టు లాక్కుని, కిటికీలోంచి నీళ్ళు గుమ్మరించి సూపును ఆర్పేశాడు. అంతా అయ్యాక రామ్మెస్ మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో గునపంతో రొప్పుతూ వచ్చాడు.

"సూపు చూడమంటే ఎక్కడికి పోయావయ్యా?" అన్నాడు బ్రింకె పళ్ళు కొరుకుతూ.

"ఊరి కోసమే," అన్నాడు రామ్మెస్, అంతకంటే మెల్లగా.

"మేయరు ఇంట్లోనే మంట. దళం ఉంది, నాయకుడు లేడు," అని డాక్టర్ లోజె ఎవరితోనూ కాకుండా అన్నాడు. టేవెస్ సానుభూతిగా తల పంకించాడు. ఆ సానుభూతి చూసి బ్రింకెకు ఒళ్ళు మండిపోయింది. అయినా నవ్వు మొహం పెట్టుకుని, బ్యాండును ముందు నడవమన్నాడు.

ఊరంతా పాటలతో బీచ్ చెట్ల దగ్గరికి చేరింది. గుంట దగ్గర, ఆకుల మధ్య, బ్రింకె పాతిన రాయి ఉంది. కంచె అవతల పది అడుగుల్లో సున్నం కొట్టిన ఇంకో రాయి ఉంది. దాని అడుగున జెరేనియం వేరు ఇంకా వేలాడుతోంది. అగ్నిమాపక షెడ్డు ముందున్న పూలమడి రాయి అని పసిపిల్లలు కూడా పోల్చుకున్నారు. వీటికి దూరంగా, డాల్‌బెక్ పొలం లోపలికి, అద్దంలా మెరిసే నల్లటి గ్రానైటు రాయి మూడోది. అలాంటివి మా ప్రాంతంలో సమాధుల మీద తప్ప ఎక్కడా ఉండవు.

బ్యాండు దానంతటదే ఆగిపోయింది.

"ఇందులో సరిహద్దు ఏది?" అన్నాడు డాక్టర్ లోజె.

"ఇదే!" అన్నాడు బ్రింకె. "అదే!" అన్నాడు రామ్మెస్. టేవెస్ మాత్రం ఆ రెండు రాళ్ళనూ తెల్లబోయి చూస్తున్నాడు.

"అదేమిటి, ఇక్కడ ఒక్క రాయీ లేదు కదా!" అనేశాడు.

"లేదని నీకెలా తెలుసు?" అని బ్రింకె పట్టుకున్నాడు.

టేవెస్ చెవులు ఎర్రబడ్డాయి. నిన్న సాయంత్రం చూస్తే రాయి లేదట. పక్క పొలం తనది. దున్నేటప్పుడు తనే పెకలించాడని ఎషెన్‌రోడె వాళ్ళు యాగీ చేస్తారని భయపడి, సమాధి రాళ్ళు చెక్కే బావమరిది దగ్గర ఒకటి తెప్పించి, ఈ పొద్దున ఊరంతా చర్చి దగ్గర ఉండగా పాతించాడట. మాట రాకుండా ఉండాలని తన పొలంలోకే ఇరవై అడుగులు జరిపి మరీ పాతించాడట.

"అంటే ఊరి హద్దు ఎక్కడుందో రెండు ఊళ్ళ మేయర్లకూ తెలియదు," అన్నాడు డాక్టర్ లోజె.

ఇంతలో జనం వెనక నుంచి, "ఏడిరా నా మేనల్లుడు! నా రాయి ఏదిరా?" అని కేక వినిపించింది. ఒట్టీలియె. వెనకే వాల్‌బుర్గ, మోచేతుల నుంచి ఉప్పునీళ్ళు కారుతూ. సైరను విని, మంట తన ఇంట్లోనని తెలిసి, పలక వదిలేసి పరుగెత్తిందట. క్యాబేజీ పైకి తేలిపోయిందట.

"నీ రాయేమిటి అత్తా, ఇది సరిహద్దు రాయి..." అని బ్రింకె కళ్ళతో బతిమాలాడు.

"నా జాడీ మీది రాయి నాకు తెలియదా! వాసన చూడు!"

డాక్టర్ లోజె నిజంగానే వంగి వాసన చూశాడు. టేవెస్‌కు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, పక్కకు ఒరిగి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "క్యాబేజీ రాయి! మహా గొప్ప ఎషెన్‌రోడె సరిహద్దు, క్యాబేజీ రాయి!" అంటూ ఆ రాయి మీదే కూలబడ్డాడు.

కూలబడినవాడు కెవ్వున లేచాడు.

వెనక చెయ్యి పెట్టుకుని, నోరు తెరుచుకుని, రాయినే చూస్తూ నిలబడిపోయాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. "కొన్‌రాడ్," అన్నాడు, బడిలో పిలిచినట్టు. "ఒకసారి కూర్చో."

"ఎందుకు?"

"కూర్చోవోయ్."

బ్రింకె కూర్చున్నాడు. రాయి నెత్తిన, ఎడమ పక్కగా, వేలెడంత ముక్కు ఒకటి పొడుచుకు వచ్చి ఉంది. చిన్నప్పుడు ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకర్ని, ఇద్దర్నీ ఊళ్ళ పెద్దలు కుదేసినప్పుడు గుచ్చుకున్న ముక్కు అది. ఆ వారమంతా ఇద్దరూ బడిలో నిలబడే పాఠం విన్నారు.

"ఇదే," అన్నాడు.

"ఇదే," అన్నాడు టేవెస్.

బ్రింకె జేబులోంచి ఇనుప బ్రష్షు తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని జిగురంతా తోమేశాడు. ఒక పక్క చెక్కిన మా ఊరి గుర్తు, ఎద్దు తల. రెండో పక్క డాల్‌బెక్ గుర్తు, చేప.

అందరూ ఒట్టీలియె వైపు తిరిగారు. "నన్నలా చూస్తారేం?" అంది ఆమె. "పుట్టగొడుగుల కోసం వస్తే గుంటలోంచి ఊడి కంచె పక్కన పొర్లుతోంది. జాడీకి సరిగ్గా సరిపోతుందని పట్టుకుపోయా. ఎవరిదని అడగడానికి ఒక్కరైనా ఇటువైపు వచ్చారా ఇన్నేళ్ళలో?"

ముందు నవ్వింది వాల్‌బుర్గ. తర్వాత ఊరు ఊరంతా నవ్వింది. రామ్మెస్, టేవెస్ చెరో వైపూ పట్టుకుని డాక్టర్ లోజెను గాల్లోకి ఎత్తారు. మూడుసార్లు కుదేశారు. మూడోసారికి ఆయన కూడా ముక్కును గుర్తుపట్టాడు.

సూపు లేకపోయినా సాసేజీలు మిగిలాయి. నిలబడే తింటూ డాక్టర్ లోజె మేయర్లిద్దర్నీ దగ్గరికి పిలిచాడు. ఆయన మొహంలో మొదటిసారి మొహమాటం కనిపించింది.

"ఈ మాట పొద్దున్నే చెప్పాల్సింది. మీరు బ్యాండు పెట్టారు, నాకు నోరు రాలేదు. పోయిన వారమే నిర్ణయం అయిపోయింది. ఎషెన్‌రోడె డాల్‌బెక్‌లో కలవదు."

బ్రింకె టేవెస్ భుజం మీద ఒక్కటి చరిచాడు.

"రెండూ కలిసి పట్టణంలో కలుస్తాయి."

టేవెస్ చేతిలో సాసేజీ అలాగే ఉండిపోయింది. "అంటే... నేను కూడానా?"

"మీరు కూడా."

బ్రింకెకు గుండె బరువెక్కింది. ఊరి పేరును ఇక ఎవరో కొత్తవాళ్ళు ఎక్కడో మూడో అంతస్తులో కూర్చుని తప్పుగా పలుకుతారు. పక్కన టేవెస్‌కు కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. అతను ఓ సీసా తీసి, ముందు బ్రింకెకు పోశాడు. పుట్టి బుద్ధెరిగాక టేవెస్ చేత్తో బ్రింకె తాగింది అదే మొదలు. ముక్కు తగలకుండా సర్దుకుని ఇద్దరూ ఆ రాయి మీదే చెరో అంచున కూర్చున్నారు.

కాసేపటికి ఒట్టీలియె ఒంటిచక్రం బండి తోసుకుంటూ వచ్చింది.

"అయితే ఇక్కడ సరిహద్దు లేనట్టేనా, సారూ?"

"చట్టప్రకారం లేదమ్మా," అన్నాడు డాక్టర్ లోజె. కూర్చోవడం ఆయన వల్ల కావడం లేదు.

"మరింకేం. లేవండ్రా ఇద్దరూ. నా క్యాబేజీ తేలిపోతోంది."

మేయర్లిద్దరూ లేచారు. ఇద్దరూ కలిసే ఎత్తి రాయిని బండిలో పెట్టారు. అప్పటి నుంచి ఏటా అక్టోబరు చివరి శనివారం రెండు ఊళ్ళూ కలిసి సరిహద్దు నడక నడుస్తున్నాయి. ఆ పూటకు ఒట్టీలియె రాయిని అరువిస్తుంది. పట్టణానికి కొత్త మేయరు వస్తే ముందు తీసుకొచ్చి దాని మీద కుదేస్తాం. మిగతా ఏడాదంతా మా ఊరి సరిహద్దు నేలమాళిగలో క్యాబేజీ మీద ఉంటుంది.