గన్నేరు మూటల మీద నిరసన

పది గంటలకల్లా గన్నేరు పొదలు పీకేసి, మూటలు చెత్త లారీకెక్కించి, పదకొండుకి ఇంటికెళ్లి తలారా స్నానం చేయాలని ఆ ఉదయం తోటపనావిడ అనుకుంది. ఇల్లు కాలనీ సంఘం అధ్యక్షుడిది. ఈ పని సవ్యంగా అయితే ఏడాదిపాటు కాలనీ తోటలన్నీ ఆవిడకే ఇప్పిస్తానని ఆయన మాటిచ్చాడు. తేడా వస్తే మళ్లీ పని కోసం గుమ్మం గుమ్మం తిరగాల్సిందే.

మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టుకుని ఆవిడ పని చకచకా కానిచ్చింది. గన్నేరుకి ఆకు నుంచి వేరు దాకా విషమే కనుక ముక్క మిగలకుండా ఏరి, ఆరు సంచుల్లో కూరి, మూతులు బిగించింది. అప్పుడు అధ్యక్షుడు అగ్గిపెట్టె పట్టుకుని వచ్చాడు.

"లారీ ఎందుకమ్మా దండగ? ఇక్కడే తగలబెట్టేద్దాం."

"కుదరదండీ. దీని పొగ పీల్చినా ప్రమాదమే. పక్కింట్లో చంటిపిల్ల ఉంది."

"నా ఇల్లు, నా చెట్టు, నా అగ్గిపెట్టె! మధ్యలో నువ్వెవరు?"

"పీకిందాన్నండీ," అంటూ ఆవిడ వెళ్లి సంచుల మీద చతికిలబడింది. ఏడాది పని నీళ్లపాలవుతోందని తెలుసు. అయినా లేవలేదు.

పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగి చూసింది. నోరు మూసుకుని కూర్చున్న మనిషి, ఎదురుగా ఊగిపోతున్న అధ్యక్షుడు. ఇంకేముంది, మౌన నిరసన అని తేల్చేసింది.

"ఏమ్మా, నిరసన ఈయన మీదేనా?"

మాస్కులోంచి ఎంత అరిచినా గోడ దాకా వినపడదు. విషమంటిన తొడుగులతో మాస్కు ముట్టుకోకూడదు, అవి ఊడదీద్దామంటే అగ్గిపెట్టె మీంచి కళ్లు తిప్పే వీల్లేదు. తోటపనావిడ తలూపింది.

అంతే, పిన్నిగారి వెనక ఎదురింటి టైలరు, ఆయన వెనక లెక్కల మాస్టారు, వాళ్ల వెనక సగం వీధి వచ్చి పడ్డారు. టైలరుకి నాలుగు నెలలుగా వెలగని వీధి దీపం గుర్తొచ్చింది. మాస్టారికి రోజూ తన గుమ్మం ముందు అధ్యక్షుడి కుక్క చేసే నిర్వాకం గుర్తొచ్చింది. గేటు ముందు అట్టముక్కల మీద డిమాండ్లు వెలిశాయి. అన్నిటికన్నా పైన 'తోటావిడకి న్యాయం' అని ఉంది. ఆవిడకి జరిగిన అన్యాయం ఏమిటో మాత్రం ఎవరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే లారీ వచ్చింది. జనం మధ్య గేటు దాకా దారి లేదు.

"అయిదు నిమిషాలే ఆగుతా. మళ్లీ వచ్చే వారమే," అని డ్రైవరు కేకేశాడు.

జనం అధ్యక్షుణ్ణి చుట్టుముట్టిన అదను చూసి తోటపనావిడ తొడుగులు ఊడదీసి, మాస్కు కిందికి లాగింది. "అమ్మా, నాకేం అన్యాయం జరగలేదు! దారివ్వండి!"

"పాపం, భయపెట్టి చెప్పిస్తున్నారు," అంది పిన్నిగారు. "అంగుళం కదలం!"

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "సరే, కదలకండి! ఈ సంచుల్లో ఉన్నది విషం. ఈయన తగలబెడతానంటే వద్దని కూర్చున్నా. లారీ వెళ్లిపోతే వారం రోజులు ఇవీ, ఈయనా, అగ్గిపెట్టే మీకే!"

వీధి మొత్తం అగ్గిపెట్టె వైపు చూసింది.

"అయితే ఆయన చేతే మోయించాలి!" అన్నాడు మాస్టారు. మిగతా డిమాండ్లన్నీ అక్కడికక్కడే ఎగిరిపోయాయి. తోటపనావిడ తన దగ్గరున్న రెండో జత తొడుగులు, మాస్కు ఇచ్చి, అవి తొడిగాకే అధ్యక్షుణ్ణి సంచీ ముట్టుకోనిచ్చింది.

మూడో సంచీ దగ్గర ఆయన రొప్పుతూ అన్నాడు. "కాంట్రాక్టు సంగతి ఇక మర్చిపో!"

"మర్చిపోయానండీ. సంచీ నేలకీడ్చకండి, చిరుగుతుంది."

లారీ కదిలాక పిన్నిగారు తోటపనావిడని అడిగింది. "ఈ గులాబీరంగు పూల చెట్టేనా గన్నేరంటే? మా పెరట్లో వరసంతా అదే!" టైలరు తన గుమ్మం పక్కనున్న పొద వైపు తిరిగి చూశాడు. మాస్టారు ఇంటివైపు పరుగెత్తాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు ఇళ్లవాళ్లు ఆవిడని రోడ్డు మీదే నిలబెట్టి, ముందు మా ఇంటికంటే మా ఇంటికని పోట్లాడుతున్నారు.

ఆ రోజుకి కాలనీలో విషం లేని ఇల్లు ఒక్క అధ్యక్షుడిదే.